దయ్యపు కథల అధ్యక్షుడు

దయ్యపు కథ పదిమంది నడుమ వినవలసినది. కొత్తచెరువు వంటి పల్లెలలో వేసవి రాత్రులు ఆరుబయట పండుకొను పిల్లలకు ఇది క్రొత్త మాట కాదు. ఆంగ్లమున అట్టి కథలకు ఆచార్యుడనదగిన ఎం. ఆర్. జేమ్స్ కూడ తన కథలను క్రిస్మస్ వేళ, కొవ్వొత్తి వెలుగున, మిత్రులకు చదివి వినిపించెడివాడు.

వృత్తిచే ఆయన ప్రాచీన వ్రాతప్రతుల పండితుడు. కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలలో 1882లో విద్యార్థిగా చేరి, 1905లో దానికే అధ్యక్షుడైనాడు. మొదటి కథాసంపుటము అంతకు ముందటి యేడే వెలువడినది. దానికి బొమ్మలు వేయుచుండిన మిత్రుడు మెక్‌బ్రైడ్ పని ముగియకముందే మరణించగా, పూర్తియైన నాలుగు బొమ్మలతోనే గ్రంథము వచ్చినది.

1914లో యుద్ధము వచ్చిపడినది. అప్పుడు విశ్వవిద్యాలయమునకు ఉపకులపతి కూడ ఆయనే. తరగతులు ఖాళీ అయినవి. ఎరిగిన కుర్రవాండ్ర మరణవార్తలు రాసాగినవి. కథలో చచ్చినవాడు తిరిగి వచ్చును. ఆ కుర్రవాండ్రు రాలేదు.

1918లో ఆయన కింగ్స్ కళాశాల అధ్యక్షపదవిని వదలి, తాను బాల్యమున చదివిన ఈటన్ పాఠశాలకు అధ్యక్షుడుగా వెళ్లినాడు. విశ్వవిద్యాలయము విడిచి బడికా, అని లోకము అడుగవచ్చును. బడి తెలిసినవారు అడుగరు. 1936లో మరణించువరకు ఆయన అక్కడనే ఉండినాడు. 1927 వేసవిలో ఈటన్ స్కౌటు బాలురు సముద్రతీరమున గుడారములు వేసికొనగా, వారికొరకే ఒక క్రొత్త కథ వ్రాసి, తానే వెళ్లి చదివినాడు. ఆ రాత్రి కొందరికి సరిగా నిద్రపట్టలేదట.