ఎత్తైన శిఖరానికి వెళ్ళే బిడ్డకు ఏ మందు ఇవ్వాలి?

2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ అనే ఇద్దరు గురుకుల పాఠశాలల విద్యార్థులు ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించారు. పూర్ణకు అప్పటికి నిండా పద్నాలుగేళ్ళు లేవు. ఆ వార్త తరువాత మన తెలుగునాట ఎందరో పిల్లలకు మంచు శిఖరాల మీద మనసు పోయింది. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుండి నా వద్దకు వచ్చే తల్లిదండ్రులలో అప్పుడప్పుడు ఒకరు ఈ కోరిక కోరుతుంటారు: "అయ్యా, మావాడు హిమాలయాలకు పోతున్నాడు. ఆయాసం రాకుండా, బలం తగ్గకుండా ఏదైనా లేహ్యం ఇప్పించండి." శిలాజిత్తు, అశ్వగంధ, చ్యవనప్రాశ అని పేర్లు కూడా వారే చెబుతారు.

బలవర్ధకమైన ఓషధులు మన శాస్త్రంలో ఉన్నాయి. వాటిని దేహప్రకృతి చూసి ఇస్తాము. అయితే ఎత్తు వల్ల కలిగే వ్యాధిని నివారిస్తుందని భరోసా ఇచ్చి నేను చేతిలో పెట్టగల లేహ్యం గాని, కషాయం గాని లేదు. ఆ వ్యాధికి ప్రధానమైన చికిత్స కిందికి దిగడం. కనుక శిఖరయాత్రకు సిద్ధపడే కుటుంబం ముందుగా ఆలోచించవలసింది దిగే దారిని గురించి. ఈ వ్యాసంలో చెప్పదలచినది అదే.

ఎత్తు చేసే హాని

గాలిలో ప్రాణవాయువు పాలు ఎక్కడైనా నూటికి 21 వంతులే. పైకి పోయే కొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది. అందువల్ల ఒక్కొక్క శ్వాసతో లోపలికి చేరే ప్రాణవాయువు తగ్గిపోతుంది. 5,500 మీటర్ల వద్ద గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానిలో దాదాపు సగం. 8,849 మీటర్ల ఎవరెస్టు కొన మీద అది మూడోవంతు మాత్రమే. మన తిరుమల సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంది. మదనపల్లె దగ్గరి హార్స్‌లీ కొండ 1,200 మీటర్లు దాటుతుంది. ఈ ఎత్తులలో ఆరోగ్యవంతుని దేహానికి గాలిలో తేడా తెలియదు. 2,500 మీటర్లు దాటిన తరువాతనే పరీక్ష మొదలవుతుంది.

తలనొప్పి, వికారం, అన్నద్వేషం, నీరసం, నిద్ర పట్టకపోవడం తొలి లక్షణాలు. ఇవి తగ్గేవరకు ఒక్క అడుగు కూడా పైకి వేయరాదు. తగ్గకుంటే దిగాలి. ఊరక కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, గులాబీ రంగు నురుగుతో కఫం కనిపిస్తే ఊపిరితిత్తులలో నీరు చేరుతున్నదని గ్రహించాలి. తూలుతూ నడవడం, మాట తడబడడం, పొంతన లేని ప్రవర్తన మెదడు వాచినదనడానికి గుర్తులు. మడమకు బొటనవేలు తాకేలా అడుగులు వేస్తూ గీత మీద నడవమంటే నడవలేకపోవడం దీనికి సులభమైన పరీక్ష. ఈ రెండు దశలలో ఏది వచ్చినా గంటలలో ప్రాణం పోవచ్చు. వెంటనే దింపాలి, ప్రాణవాయువు అందించాలి. ఎసిటజోలమైడ్, డెక్సామెథసోన్ వంటి మందులను అల్లోపతి వైద్యుని సలహాతో, మోతాదు తెలుసుకొని వెంట ఉంచుకోవాలి. ఆయుర్వేద వైద్యుడనైనందున ఈ మాట దాచడం ధర్మం కాదు.

యవ్వనం, కండబలం ఈ వ్యాధిని ఆపలేవు. బలశాలి తొందరగా ఎక్కుతాడు. అందువల్లనే ఒక్కొక్కప్పుడు అతడే ముందుగా చిక్కుకుంటాడు.

పాదాంశిక క్రమం

చరకసంహిత సూత్రస్థానంలో ఒక చక్కని నియమం ఉంది. అలవాటైనదానిని మానడం, కొత్తదానిని అలవరచుకోవడం పావువంతు చొప్పున, మెల్లగా జరగాలని చరకుడు చెప్పాడు. దీనినే పాదాంశిక క్రమం అంటాము. ఆహారవిహారాల కోసం చెప్పిన ఈ నియమం పర్వతారోహకునికి చక్కగా వర్తిస్తుంది. 3,000 మీటర్లు దాటిన తరువాత రాత్రి నిద్రించే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగరాదని, మూడు నాలుగు రోజులకు ఒక రోజు పూర్తి విశ్రాంతి ఉండాలని నేటి వైద్యులు చెబుతారు. పగలు ఎత్తుకు పోయినా, రాత్రికి దిగి పడుకోవడం ఉత్తమం.

పూర్ణ, ఆనంద్‌ల యాత్రకు 52 రోజులు పట్టింది. అంతకుముందు భువనగిరి బండ మీద తాళ్ళతో ఎక్కడం, దిగడం నేర్చుకున్నారు. తరువాత డార్జిలింగ్‌లోని పర్వతారోహణ సంస్థలో, ఆపైన లడఖ్ చలిలో శిక్షణ పొందారు. బండ, మంచు, చలి, ఎత్తు ఒక్కొక్కటిగా వారి దేహానికి పరిచయమయ్యాయి. ఈ వరుసలో ఏ మెట్టు దాటవేసినా పై మెట్టు భారమవుతుంది.

మన కొండల మీద సాధన

తిరుపతివాసులకు శ్రీవారి మెట్టు దారి 2,388 మెట్లతో, అలిపిరి దారి సుమారు 3,550 మెట్లతో అందుబాటులో ఉన్నాయి. కాళ్ళకు, గుండెకు ఇంతకంటె మంచి వ్యాయామశాల అరుదు. అర్ధశక్తితోనే వ్యాయామం చేయాలని వాగ్భటుడు చెప్పాడు. నుదుట, చంకలలో చెమట పట్టడం, నోరు ఎండడం, నోటితో శ్వాస తీయవలసి రావడం అర్ధబలం ముగిసిందనడానికి గుర్తులు. అక్కడ ఆగి, శ్వాస కుదుటపడిన తరువాత సాగాలి. శ్రమ వల్ల వచ్చే ఆయాసాన్ని బిగబట్టరాదని కూడా శాస్త్రం చెబుతుంది. ఆరు మాసాలలో మెల్లమెల్లగా వీపు మీది బరువు పెంచాలి. ఎక్కడంతో పాటు దిగడం కూడా అభ్యసించాలి. మోకాళ్ళకు పరీక్ష దిగేటప్పుడే.

ఈ మెట్లు కాళ్ళను సిద్ధం చేస్తాయి గాని పలుచని గాలికి దేహాన్ని సిద్ధం చేయలేవు. దానికి హిమాలయాలకే పోవాలి. డార్జిలింగ్, ఉత్తరకాశీ, మనాలిలలోని సంస్థలలో సుమారు నాలుగు వారాల ప్రాథమిక శిక్షణ లభిస్తుంది. బయలుదేరక ముందు గుండె, ఊపిరితిత్తులు, రక్తంలో హిమోగ్లోబిన్, దంతాలు పరీక్ష చేయించాలి. పాండురోగం ఉన్న బిడ్డకు ముందు దానికి చికిత్స జరగాలి. చిన్న పిప్పిపన్ను కూడా శిబిరంలో పెద్ద ఆపద అవుతుంది.

ఆహారం, గృహవైద్యం

ఎత్తున ఆకలి మందగిస్తుంది. కొత్త రుచి అసలే గొంతు దిగదు. కనుక సాత్మ్యమైన ఆహారం, అంటే చిన్ననాటి నుండి అలవాటైన తిండి, వెంట ఉండాలి. వేయించిన రాగిపిండి, బెల్లం, వేరుశనగ ఉండలు, సున్నుండలు, బొరుగులు, ఖర్జూరాలు, కొద్దిగా ఊరగాయ మన ఇళ్ళలోనే సిద్ధమవుతాయి. 5,000 మీటర్ల వద్ద నీరు సుమారు 83 డిగ్రీలకే మరుగుతుంది. ప్రెషర్ కుక్కర్ లేనిదే అక్కడ పప్పు ఉడకదు. వేడినీటిలో కలిపితే జావ కాగల రాగిపిండి విలువ అక్కడ తెలుస్తుంది. నీరు దాహం వేసినప్పుడే గాక తరచుగా తాగాలి. స్వల్ప వికారానికి సొంఠి నీరు ఉపశమనం ఇవ్వవచ్చు. తలనొప్పితో కూడిన వికారాన్ని సొంఠితో అణచి పైకి పోవడం మాత్రం ప్రమాదకరం. మద్యం, నిద్రమాత్రలు నిషిద్ధం.

చలికి వేళ్ళు తెల్లబడి స్పర్శ పోయినప్పుడు నూనె రాసి రుద్దడం, మంట దగ్గర కాచడం మన అలవాటు. అవి కణజాలాన్ని మరింత చెరుపుతాయి. మళ్ళీ గడ్డకట్టే అవకాశం లేని చోటికి చేరిన తరువాత, ఒంటి వేడికి సమానమైన నీటిలో ఉంచాలి.

దిగే లెక్క

మామూలు కొండదారిలో జబ్బు చేసినవానిని భుజం పట్టి నడిపించి కొన్ని గంటలలో దింపవచ్చు. నిట్టనిలువు మంచుగోడలు, పగుళ్ళు ఉన్న మారుమూల శిఖరంలో దిగడానికీ తాడు కావాలి, చేయి తిరిగిన తోడు కావాలి, వాతావరణం కలిసిరావాలి. చికిత్స దిగడమే అయినప్పుడు, దిగడమే దుర్లభమైన చోటు ఎంత అపాయకరమో పాఠకులు ఊహించగలరు. కనుక ఎన్ని గంటలకు ఎక్కడ ఉన్నా వెనుదిరగాలో ముందే కాగితం మీద రాసుకోవాలి. 1996 మే 10న ఎవరెస్టు మీద మధ్యాహ్నం రెండు గంటల గడువు దాటినా కొందరు పైకి సాగారు; సాయంత్రం తుపాను కమ్మింది. ఆ రెండు రోజులలో ఎనిమిది మంది మరణించారు.

మన పొరుగు నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను 172 రోజులలో అధిరోహించిన ధీరుడు. 2015 మార్చిలో చిలీ, అర్జెంటీనా సరిహద్దులోని ఆండీస్ పర్వతాలలో శిఖరం వైపు ఒంటరిగా వెళ్ళారు. వాతావరణం విషమించింది. ఆయన తిరిగి రాలేదు. అంతటి అనుభవజ్ఞునికే కొండ అవకాశం ఇవ్వనప్పుడు, కొత్తవారు తోడు లేకుండా, వార్త పంపే సాధనం లేకుండా వెళ్ళడం తగదు.

ఇంటివారు చేయవలసినది

చేయరాదని తెలిసీ చేయడాన్ని మన శాస్త్రం ప్రజ్ఞాపరాధం అంటుంది. గడువు దాటినా కొన కనబడుతున్నదని ముందుకు పోవడం దానికి నిదర్శనం. ఈ దోషానికి కొంతవరకు ఇంట్లోనే బీజం పడుతుంది. బిడ్డ బయలుదేరక ముందే పూలదండలు, సన్మానాలు, ఊరంతా ప్రకటనలు, ప్రయాణం కోసం లక్షల అప్పు. ఇన్నింటి బరువు మోసుకొని వెళ్ళినవాడు శిఖరానికి వంద మీటర్ల దూరంలో తలనొప్పి అని ఎలా చెప్పగలడు? వెనక్కి తిరగమని దేహం అడిగితే, అప్పు వద్దంటుంది.

కనుక తల్లిదండ్రులకు నా మనవి. ఎన్ని రోజుల ప్రయాణం, అందులో విశ్రాంతి దినాలెన్ని, వెనుదిరిగే వేళ ఎప్పుడు, జబ్బు చేస్తే దింపేదెవరు అని బిడ్డను, తీసుకువెళ్ళే సంస్థవారిని అడగండి. సూటిగా సమాధానం రాకుంటే ఆ ఏటికి ప్రయాణం మానిపించండి. కొండ వచ్చే ఏడు కూడా అక్కడే ఉంటుంది. సమాధానం వస్తే రాగిపిండి మూట కట్టి, సన్మానం తిరిగివచ్చిన తరువాతకు ఉంచి, ఆశీర్వదించి పంపండి. శిఖరం చూడకుండా వెనుదిరిగి వచ్చినా ఇంట్లో ఇదే ఆదరణ ఉంటుందని ఆ బిడ్డకు నమ్మకంగా చెప్పండి.