వాసన వస్తోందంటే కారుతున్నట్టే

అండమాన్ దీవుల్లో మా జంగ్లీఘాట్ వీధిలో నాకు మనవడి వరసయ్యే కుర్రాడొకడున్నాడు. ఆయుధాల గదిలో డ్యూటీ. ఆ గదిని అక్కడివాళ్ళు కోత్ అంటారు. తుపాకీ గొట్టాలు తుడిచే సాల్వెంట్ సీసా అక్కడి బీరువాలో పెట్టుకుంటారట. బీరువా తలుపు తీస్తే కంపు, మడతపెట్టిన గుడ్డలకి కంపు, ఆఖరికి పక్కన పెట్టుకున్న క్యారేజీలో చారన్నానికీ అదే కంపు. "సీసా కారడం లేదు తాతా, బయట ఒక్క చుక్క కూడా లేదు. మరి వాసన ఎక్కణ్ణించి వస్తోంది?" అని అడిగాడు.

చుక్క కనబడితేనే కారినట్టని వాడి లెక్క. ముక్కుకి వాసన తగిలిందంటే ఆ సాల్వెంట్ మందు తాలూకు అణువులు సీసా దాటి, బీరువా దాటి వచ్చి ముక్కులో చేరాయనే కదా అర్థం. అదీ కారడమే. కాకపోతే ద్రవంగా కాకుండా ఆవిరిగా పోతోంది. డబ్బు పోతోంది, మందు పోతోంది, దానికి తోడు తలనొప్పి.

ముందు అసలు ఆ సీసాలో ఏముంటుందో చూద్దాం. అమెరికాలో ఫ్రాంక్ హాపీ అనే ఆయన 1903లో ఒక మందు తయారుచేసి 'నంబర్ 9' అని పేరు పెట్టాడు. తుపాకీ పట్టినవాళ్ళలో దాని పేరు వినని వాళ్ళు అరుదు. ఇలాంటి పాతకాలపు మందుల్లో కిరోసిన్, ఆల్కహాలు, ఒక కొవ్వు ఆమ్లం, అమైల్ అసిటేట్, కాస్త అమ్మోనియా ఉండేవి. కిరోసిన్ జిడ్డుని, మసిని వదలగొడుతుంది. తూటా రాసుకుపోయినప్పుడు గొట్టం లోపల అంటుకునే రాగిని అమ్మోనియా కరిగిస్తుంది. అమైల్ అసిటేట్‌ది అరటిపండు వాసన. దాని తోబుట్టువు ఐసోఅమైల్ అసిటేట్ అరటిపండులోనే ఉంటుంది. ఇంకో తమాషా కూడా ఉంది. తేనెటీగ కుట్టగానే "రండిరా, శత్రువు ఇక్కడున్నాడు" అని తోటి ఈగల్ని పిలవడానికి వదిలే వాసనలో ముఖ్యమైనది ఈ ఐసోఅమైల్ అసిటేటే. అందుకని తేనెపట్టు ఉన్న చెట్టు కింద కూర్చుని తుపాకీ తుడవడం మంచి ఆలోచన కాదు. మన ముక్కు కూడా తక్కువదేం కాదు, పది లక్షల పాళ్ళ గాలిలో ఈ పదార్థం ఒక పాలు లేకపోయినా పట్టేస్తుంది.

ఇక సీసా సంగతి. పోర్ట్‌బ్లెయిర్‌లో (2024లో శ్రీ విజయపురం అని పేరు మారింది గానీ నా నోటికి ఇంకా పాతదే వస్తుంది) పగలు 31 డిగ్రీలు, తెల్లవారుజామున 23 డిగ్రీలు అనుకుందాం. లీటరు డబ్బాలో సగం మందు వాడేశారు, సగం ఉంది. అంటే లోపల అర లీటరు గాలి. ఎనిమిది డిగ్రీలు వేడెక్కేసరికి ఆ గాలి 13 మిల్లీలీటర్ల పైచిలుకు వ్యాకోచిస్తుంది. మందు కూడా మరో 4 మిల్లీలీటర్లు పెరుగుతుంది. మూత ఏ కాస్త వదులుగా ఉన్నా రోజూ 17 మిల్లీలీటర్ల ఆవిరి నిండిన గాలి బయటికి పోతుంది. రాత్రి చల్లబడగానే అంత గాలినీ బయటినుంచి లోపలికి పీల్చుకుంటుంది. డబ్బా రోజుకోసారి ఊపిరి పీల్చి వదులుతోందన్నమాట. పీల్చుకునేది ఎలాంటి గాలి? సముద్రం మీంచి వచ్చే తడిగాలి. ఆ తడిలో కొంత లోపలే ఉండిపోతుంది. కిరోసిన్‌తో నీళ్ళు కలవవు, బరువు గనక అడుగుకి దిగుతాయి. రేకు డబ్బా లోపలివైపు అడుగునుంచి తుప్పు పట్టడానికి ఇదొక కారణం. బయటివైపు ఉప్పుగాలి, చెమ్మెక్కిన సిమెంటు గచ్చు ఉండనే ఉన్నాయి. వానాకాలం అయ్యేసరికి అడుగున సన్నటి చిల్లి పడితే అప్పుడు నిజంగానే చుక్కలు కారతాయి.

దీన్ని బట్టి ఏం చెయ్యాలో మీకే తెలిసిపోయి ఉంటుంది. పెద్ద డబ్బాలో సగం మందు ఉంచకూడదు. తగ్గేకొద్దీ చిన్న సీసాలోకి మార్చుకోవాలి. అలాగని గొంతుదాకా నింపేసినా తప్పే, వేడికి పెరిగే ద్రవానికి చోటుండదు. నూటికి ఐదు పాళ్ళు ఖాళీ వదిలితే చాలు. రేకు డబ్బా అయితే గచ్చుమీద కాకుండా చెక్కముక్క మీద పెట్టండి.

మూత బిగించినా పైన జిడ్డు చేరుతోందంటే దానికి వేరే కారణం ఉంది. మా చిన్నప్పుడు లాంతరు ఎంత తుడిచినా సాయంత్రానికి దాని ఒళ్ళంతా కిరోసిన్ పట్టుకుని ఉండేది. కిరోసిన్‌కి నీటికున్నంత తలతన్యత లేదు, అందులో సగం కూడా ఉండదు. అందుకని బొట్టుగా ముడుచుకోకుండా పలచగా పరుచుకుని, సందు దొరికితే పైకి కూడా పాకుతుంది. సీసా మూత మరలు దానికి మెట్లదారి. మందు ఒంపిన తర్వాత అంచుని, మరల్ని పొడిగుడ్డతో తుడిచి అప్పుడు మూత పెడితే సగం బాధ పోతుంది. కుళాయిలకి చుట్టే తెల్లటి టెఫ్లాన్ టేపు రెండు చుట్లు చుడితే ఇంకా మంచిది. టెఫ్లాన్‌ని ఈ ద్రావకాలేవీ ఏమీ చెయ్యలేవు.

మూతలో వాషర్ రబ్బరుదైతే మాత్రం అనుమానించాల్సిందే. ఇంట్లో ఒక పని చేసి చూడండి. రబ్బరు బ్యాండు తెంపి, పొడవు కొలిచి, చెంచాడు కిరోసిన్‌లో పడేసి మర్నాడు తియ్యండి. లావెక్కి, సాగిపోయి, గిల్లితే తెగేలా ఉంటుంది. నికోబార్ వైపు కచ్చాల్ దీవిలో రబ్బరు తోటలు వేశారు. ఆ చెట్ల పాలతో తయారయ్యే సహజ రబ్బరుకి, కిరోసిన్‌కి కూర్పు దాదాపు ఒకటే. రెండూ కార్బన్, హైడ్రోజన్ గొలుసులే. ఒకే జాతి పదార్థాలు ఒకదానిలోకి ఒకటి దూరిపోతాయి. వాహనాల పెట్రోలు గొట్టాలకి వాడే నైట్రైల్ రబ్బరు కిరోసిన్‌కి అంత తేలిగ్గా లొంగదు. పల్చటి పాలిథిన్ సీసాలకీ సహజ రబ్బరు గతే. చిల్లు లేకపోయినా అణువులు గోడలోంచే మెల్లగా బయటికి నడుస్తాయి. కొన్నాళ్ళకి సీసా పక్కలు లోపలికి నొక్కుకుపోతాయి. గాజులోంచి, లోహంలోంచి ఆ దారి లేదు. కంపెనీవాళ్ళు ఏ సీసాలో ఇచ్చారో దాన్ని దాచుకోవడం అన్నిటికన్నా తెలివైన పని.

గాజుకి ఒకటే భయం, పగలడం. మనం భూకంపాల గడ్డమీద ఉన్నాం. 2004 డిసెంబరు 26 పొద్దున వచ్చిన భూకంపానికి అలమరల మీదివన్నీ ఎలా దొర్లిపడ్డాయో పెద్దవాళ్ళని అడగండి. గాజు సీసాని మూతున్న స్టీలు డబ్బాలో నిలబెట్టి, చుట్టూ గుడ్డలు కుక్కి, కింది అరలో పెట్టాలి.

అమ్మోనియా ఉన్న మందు తూటాల పక్కన పెట్టొద్దని కుర్రాడికి గట్టిగా చెప్పాను. దీనికో పాత కథుంది. బ్రిటిష్ వాళ్ళ కాలంలో ఇండియాలో సైన్యం వానాకాలమంతా తూటాల్ని గుర్రపుశాలల్లో నిలవ ఉంచేది. వానలు వెలిశాక చూస్తే ఇత్తడి తొడుగులు పగిలి ఉండేవి. దెబ్బ తగల్లేదు, ఎవరూ ముట్టుకోలేదు, అయినా పగుళ్ళు. 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే ముగ్గురు పరిశోధకులు దీని గుట్టు విప్పారు. గుర్రాల మూత్రంలోంచి పుట్టిన అమ్మోనియా, వానాకాలపు చెమ్మ, తొడుగుని సాగదీసి తయారుచేసినప్పుడు ఇత్తడిలో మిగిలిపోయిన బిగువు, ఈ మూడూ కలిస్తే పగులు. చెమ్మలో కరిగిన అమ్మోనియా ఇత్తడిలోని రాగిని కొరుకుతుంది, లోపలి బిగువు ఆ గాటుని పట్టుకుని చీలుస్తుంది. మన కోత్‌లో గుర్రాల్లేవు సరే, అమ్మోనియా సీసా ఉంది. చెమ్మకి లోటా? ఏడాదికి సుమారు 3000 మిల్లీమీటర్ల వాన పడే చోటు మనది.

సీసా ఎంత బాగా దాచినా గది కంపు కొడుతోందంటే దొంగ వేరే ఉన్నాడు. వాడి పేరు చిందీ. ఎన్‌సీసీలో చేసిన పిల్లలకి తెలుసు. నాలుగంగుళాల పొడవు, రెండంగుళాల వెడల్పు గుడ్డపీలికని పుల్‌త్రూ తాడుకి తగిలించి గొట్టంలోంచి లాగుతారు. లాగిన చిందీ నల్లగా, తడిగా ఉంటుంది. దాన్ని బీరువా మూలన పడేస్తే అంతే సంగతులు. సీసా మూతి ఎంత? రూపాయి బిళ్ళంత. గుడ్డలో నూలుపోగులన్నీ కలిపితే ఆవిరి పోయే చోటు దానికి ఎన్నో రెట్లు. వాడిన చిందీల్ని నిప్పుకి దూరంగా, ఆరుబయట విడివిడిగా పరిచి ఆరనిచ్చి, మూతున్న రేకు డబ్బాలో వెయ్యాలి. వాటిలో సీసపు మసి కూడా ఉంటుంది గనక చేతులు సబ్బుతో కడుక్కునే అన్నం ముట్టాలి.

తుపాకీ చెక్క బట్‌కి అవిసెనూనె పట్టించిన గుడ్డల విషయంలో మరీ జాగ్రత్త. అవిసెనూనె ఆరడమంటే ఆవిరైపోవడం కాదు, గాలిలో ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడటం. అప్పుడు వేడి పుడుతుంది. గుడ్డ పరిచి ఉంటే ఆ వేడి గాలికి పోతుంది. ఉండచుట్టి పడేస్తే లోపలే పేరుకుని, అగ్గిపుల్ల గియ్యకుండానే అంటుకోవచ్చు. బద్ధకమైతే నీళ్ళలో ముంచి డబ్బాలో మూతపెట్టండి.

కంపు పోవాలని కొందరు అగరబత్తి వెలిగిస్తారు. భక్తి మంచిదే, చోటు మాత్రం కాదు! కిరోసిన్, అమైల్ అసిటేట్ ఆవిర్లు గాలికన్నా బరువు, నేలబారుగా పాకి పోగవుతాయి. అమైల్ అసిటేట్ ఆవిరి మన మామూలు మధ్యాహ్నపు వేడికే నిప్పురవ్వ తగిలితే అంటుకునే స్థితికి చేరగలదు. కిరోసిన్‌కి ఇంకాస్త వేడి కావాలి, అంతే తేడా. అందుకే గదికి పైన కిటికీ ఒక్కటే చాలదు, నేలకి దగ్గరగా కూడా గాలి పోయే కంత ఉండాలి.

మిగిలిన వాసన పీల్చడానికి మన దీవుల్లో దొరికే మంచి సరుకు కొబ్బరిచిప్ప బొగ్గు. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువుల నుంచి కాపాడే ముసుగుల్లో దీన్నే వాడారు. ఆవిరితో శుద్ధి చేసిన యాక్టివేటెడ్ బొగ్గు ఒక్క గ్రాములో సూక్ష్మరంధ్రాల గోడలన్నీ పరిస్తే వెయ్యి చదరపు మీటర్ల దాకా వస్తాయి. పొయ్యిలో కాల్చిన మామూలు బొగ్గు అంత పని చెయ్యదు గానీ ఎంతోకొంత లాగుతుంది. గుప్పెడు బొగ్గు గుడ్డసంచిలో కట్టి బీరువాలో పెట్టి, నెలకోసారి మార్చండి. మూత వదులుగా ఉన్న సీసా పక్కన మాత్రం బస్తాడు బొగ్గు పెట్టినా దండగే.

ఒక్క మాట మాత్రం బతిమాలి చెబుతున్నాను. తుపాకీ మందైనా, పెయింటు థిన్నరైనా, బోటు ఇంజను కోసం తెచ్చుకున్న కిరోసినైనా మంచినీళ్ళ సీసాలోనో కూల్‌డ్రింకు సీసాలోనో పోసి పెట్టకండి. పెద్ద అక్షరాలతో పేరు రాసి అంటించండి, పిల్లలకి అందని చోట తాళం వెయ్యండి. పొరపాటున ఏ పసివాడైనా తాగితే వాంతి చేయించకండి, తిరిగి పైకి వచ్చేటప్పుడే అది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి తెస్తుంది. ఆ సీసా కూడా చేత్తో పట్టుకుని తిన్నగా ఆసుపత్రికి పరుగెత్తండి.