మీకు తెలుసా? కొండమీద నిలిచిపోయిన బండి

అనంతగిరిలో వానాకాలమంతా గాలి నిండా చెమ్మే. అలాంటిచోట ఏళ్లుగా కదలని మోటార్‌సైకిల్‌ను చూడగానే కిక్కు కొట్టకూడదు. ముందు ట్యాంకులోని పాత పెట్రోలు తీసేయాలి. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది తేమను పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే ఇథనాల్‌తో కలిసి అడుగుకు దిగి ట్యాంకును తుప్పు పట్టిస్తుంది. ఇక కార్బురేటర్‌లో పెట్రోలు ఆవిరైపోగా మిగిలిన జిగురు సన్నని జెట్‌లను మూసేస్తుంది. స్పార్క్ ప్లగ్గు విప్పి, సిలిండర్‌లో కాస్త ఇంజన్ ఆయిల్ వేసి, కిక్కర్‌ను చేత్తో మెల్లగా నొక్కితే పిస్టన్ రింగులకు గీతలు పడవు.

ఇంజన్ మోగిందని సంబరపడి వెంటనే శృంగవరపుకోట వైపు ఘాట్ దిగకండి. అసలు ప్రమాదం అక్కడే. డిస్క్ బ్రేకు ఆయిల్ కూడా తేమను పీలుస్తుంది. కొత్త డాట్ 4 రకం బ్రేకు ఆయిల్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. నీరు చేరితే ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు. మలుపు మలుపుకూ బ్రేకు వేస్తే ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి, లివర్ లోపలికి పోతుంది కానీ బండి ఆగదు. ఆయిల్ తప్పక మార్పించండి. టైరు ఎంత పాతదో తెలియాలంటే దాని పక్కనున్న నాలుగంకెలూ చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం తయారైనదని.