శంషాబాదు నుండి రేణిగుంటకు: దూరమెంత? కాలమెంత?

హైదరాబాదు నుండి తిరుపతికి విమానమున ఎంతసేపు పట్టునని అడిగినచో, "గంటకు కొంచెము పైన" అను సమాధానము సులభముగనే లభించును. టిక్కెట్టుపైనున్న కాలమును చూచి కొండమీది దర్శనమునకు వేళ నిర్ణయించుకొనువారు పలువురు గలరు. ఆ గంటలో ఏమి ఇమిడియున్నదో, ఏమి ఇమిడిలేదో తెలిసికొనుట అట్టివారికి ఉపయోగకరమని తలచి ఈ నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

ముందు దూరము సంగతి. 2008లో ప్రారంభమైన శంషాబాదు విమానాశ్రయమునకును, తిరుపతివారి విమానాశ్రయమున్న రేణిగుంటకును నడుమ తిన్నగా గీత గీసినచో అది సుమారు 417 కిలోమీటర్లు. వైమానికుల కొలతలో 225 నాటికల్ మైళ్లు. ఆ గీత శ్రీశైలమునకు చేరువగా కృష్ణను, నల్లమల అడవులను, ఆపై పెన్నను దాటును. కర్నూలు, కడపల మీదుగా పోవు రోడ్డు కొండలను తప్పించుకొని పోవలసియుండుటచే 550 కిలోమీటర్లకు పైబడును. గుంటూరు, నెల్లూరుల మీదుగా పోవు రైలుదారి సుమారు 660 కిలోమీటర్లు.

ఇక కాలము. ప్రొపెల్లరు విమానము గంటకు దాదాపు 500 కిలోమీటర్లు, జెట్ విమానము దాదాపు 800 కిలోమీటర్లు పోగలవు. ఈ లెక్కన మొదటిదానికి 50 నిమిషములు, రెండవదానికి అరగంట పైచిలుకు చాలవలెను. అయినను రెండింటికిని టిక్కెట్టుపై గంటకు మించిన కాలమే కనిపించును. ఏల?

టిక్కెట్టుపైని కాలము ఆకాశమున గడచునది మాత్రమే కాదు. విమానము ఒకచోట నిలుపుదల స్థానమును విడచినది మొదలు, రెండవచోట నిలుచువరకు గల కాలమది. రన్‌వే వరకు నడక, అచట తన వంతు వచ్చువరకు నిరీక్షణ అందులోనివే. పైగా రెండుచోట్లను రన్‌వేలు దాదాపు తూర్పు పడమరలుగా ఉన్నవి; పోవలసినది దక్షిణమునకు. కనుక గాలికి ఎదురుగా లేచి, పిదప మలుపు తిరుగవలెను. దిగునప్పుడును అంతే. జెట్ విమానము తన ఎత్తును, వేగమును అందుకొనిన కొద్దిసేపటికే దిగుటకు ఆరంభింపవలసివచ్చును. దూరము తగ్గినకొలది వేగమునకు విలువ తగ్గును.

గాలి మాట వేరు. గంటకు 50 కిలోమీటర్ల ఎదురుగాలి వీచినచో ప్రొపెల్లరు విమానమునకు 50 నిమిషముల దారి 56 నిమిషములగును, వెనుకగాలియైనచో 46. పోవుటకును వచ్చుటకును పది నిమిషముల భేదము ఇందువలననే కలుగును.

యాత్రికుని లెక్క ఇంతతో తీరదు. ఇంటినుండి శంషాబాదునకు ఒక గంట, అచట తనిఖీలకై రెండు గంటలు, ప్రయాణము గంటంబావు, సామాను తీసికొని వెలుపలికి వచ్చుటకు అరగంట. రేణిగుంటనుండి తిరుమలకు సుమారు 40 కిలోమీటర్లు. అలిపిరి తనిఖీ, ఘాట్‌రోడ్డు కలసి మరి గంటంబావు. వెరసి ఆరు గంటలు. రైలుతో పోల్చినచో లాభమే గాని, టిక్కెట్టు చెప్పినంత లాభము కాదు.

కావున వృద్ధులను వెంటబెట్టుకొని, నిర్ణీతమైన దర్శనపు వేళకు పోవువారు, విమానము దిగు వేళకును దర్శనపు వేళకును నడుమ నాలుగు గంటలైనను ఉంచుకొనుట మేలు.