గునుగు కలుపు మొక్కేనా?

మొన్న బతుకమ్మ పండక్కి బజార్లో గునుగు కట్ట బేరమాడుతుంటే నాకే నవ్వొచ్చింది. గునుగును డబ్బులిచ్చి కొంటారంటే చిన్నప్పుడు మా ఊళ్లో ఎవరైనా నమ్మేవారా! జొన్నచేలో దానంతటదే మొలిచే కలుపు మొక్క అది. అమ్మ కలుపు తీస్తూ గట్టు వారనున్న గునుగును మాత్రం వదిలేసేది. "పండక్కి ఉండనీ బిడ్డా" అనేది. తంగేడు సంగతి చెప్పనే అక్కర్లేదు. బీళ్లన్నీ పసుపు ఆరబోసినట్టుండేవి.

ఆలోచిస్తే, వానలు వెనకబట్టి చెరువులు నిండుగా ఉండే రోజుల్లోనే ఈ పండగ. ఆ చెరువులు వాటంతటవి ఏర్పడినవి కావు. నాలుగు నెలల వాన నీటిని ఏడాదంతా దాచుకోవాలని మనవాళ్లు కట్టలు పోసి నిలుపుకున్నవి. పాకాల, రామప్ప చెరువులు 13వ శతాబ్దం నాటివి. రైతు కోసం పోసిన కట్ట ఆడవాళ్లకు ఆటస్థలమైంది. చేలో కలుపు బతుకమ్మయింది. సద్దుల నాడు పంచే మలీద కూడా ఆ చేలో పండిన జొన్నల రొట్టెతో చేసిందే.

ఇప్పుడు మా ఊళ్లో జొన్న పోయి పత్తి వచ్చింది. "గునుగు ఏడున్నది బిడ్డా! మందు కొట్టినంక గడ్డి సుత మొలుస్తలేదు" అంది అమ్మ ఫోన్లో. రైతును తప్పు పట్టలేను. కూలీలు దొరకరు, దొరికినా ఇచ్చుకోలేరు. అయినా ఎండలో నడుం వంచి ఆ కలుపు తీసింది ఆడవాళ్లేగా! వాళ్లకు ఆ చాకిరీ తప్పినందుకు సంతోషించాలో, పువ్వు పోయినందుకు బాధపడాలో నాకు తేలడం లేదు.

తంగేడును 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పం చేశారు. మిషన్ కాకతీయ పేరుతో 2015 నుంచి చెరువుల్లో పూడికా తీశారు. మంచిదే. కానీ వరంగల్లో మేం ప్లాటు కొన్నప్పుడు, అది ఒకప్పటి చెరువు శిఖమని మాకెవరూ చెప్పలేదు. నిజం చెప్పొద్దూ, మేమూ అడగలేదు. 2023 జూలై వానలకు మా వీధిలో మోకాటిలోతు నీళ్లు. మంచాల మీద బియ్యం బస్తాలు ఎక్కిస్తుంటే పక్కింటి పెద్దమ్మ, "దాని జాగకు అది వచ్చింది. మనమే అడ్డమున్నం" అంది. నాకు మాట రాలేదు. ఆ ఏడూ, ఆ తర్వాతా మా కాలనీ బతుకమ్మలను నీళ్ల తొట్టిలోనే వదిలాం.

పండగయ్యాక ఊరెళితే గుడి వెనకాల నాలుగు గునుగు మొక్కలు కనిపించాయి. ఎండిన కంకులు కొంగులోకి దులుపుకొచ్చాను. విత్తనాలు నల్లగా, ఆవాల కంటే సన్నగా ఉన్నాయి. తొలకరికి మేడ మీద చల్లాలని డబ్బాలో పోసి ఉంచాను. "కలుపును కుండీలో పెంచుతావా?" అని మావారు ఒకటే నవ్వు.