విద్యలో తారతమ్యం: ఏలూరు నుండి కొల్లేటి లంకల దాకా

ఒక పట్టణంలో చదువుకున్నవారు ఎక్కువగా, మరొక పట్టణంలో తక్కువగా ఎందుకుంటారు? ఈ ప్రశ్నకు చాలామంది తడుముకోకుండా చెప్పే సమాధానం ఒకటుంది: "అక్కడివారికి చదువుపట్ల శ్రద్ధ ఎక్కువ." వినడానికి ఇంపుగానే ఉన్నా ఈ మాట వాస్తవాల ముందు నిలవదు. దీన్ని పరీక్షించడానికి దూరదేశాలకు వెళ్లనక్కరలేదు. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకలు ఇరుగుపొరుగు ప్రాంతాలు. అక్కడి ప్రజల భాష ఒకటే, పంటలు ఒకటే. అయినా ఒక్కొక్కచోట పుట్టిన బిడ్డ చదువు ఒక్కొక్క దారి పడుతుంది.

ముందుగా కొలబద్ద సంగతి చూద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం నాటి పశ్చిమ గోదావరి జిల్లా అక్షరాస్యత 74.63 శాతం, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సగటు 67.02 శాతం. జిల్లా ముందంజలో ఉన్నట్టే. కాని ఆ లెక్కలో అక్షరాస్యులంటే ఏడేళ్లు నిండి, ఏదో ఒక భాషలో అర్థవంతంగా చదవడం, రాయడం వచ్చినవారు. ఐదో తరగతితో ఆగిన జాలరి, పట్టా పుచ్చుకున్న ఇంజనీరు అందులో సమానులే. పైగా సగటు అనేది వెనుకబడినవాణ్ణి ముందున్నవాడి నీడలో దాచిపెడుతుంది.

ఇక ఏలూరు. 1925లో ఏర్పడిన పశ్చిమ గోదావరి జిల్లాకు అది కేంద్రమైంది. కచేరీలు, కోర్టులు వచ్చాయి. చదువుకున్నవాడికి ఉద్యోగం దొరకడం ప్రజలు కళ్లారా చూశారు. 1945లో సర్ సి.ఆర్. రెడ్డి కళాశాల, 1953లో సెయింట్ థెరిసా మహిళా కళాశాల వెలిశాయి. ఇంటినుంచే వెళ్లి రాగలిగే కళాశాల ఉంటే ఆడపిల్లను చదివించడానికి తండ్రి అంతగా సంకోచించడు. చదువుకున్న తల్లి బిడ్డలు బడి మానరు. ఈ విధంగా ఒక తరం చదువు మరో తరానికి పెట్టుబడి అవుతుంది.

అదే ఏలూరులో మరొక విద్య కూడా ఉంది. పారశీకం నుండి వచ్చిన ముస్లిం నేతగాళ్లు తెచ్చారని చెప్పే తివాచీ నేత అది. మగ్గం దగ్గర తండ్రి కొడుక్కి నేర్పే ఈ నైపుణ్యానికి ఏ ధ్రువపత్రమూ లేదు. గిరాకీ ఉన్నంతకాలం అది అన్నం పెట్టింది. గిరాకీ తగ్గాక, బడి చదువు లేని పనివాడికి రెండో దారి కష్టం. 6–14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నాలుగోవంతు మంది అసలు బడికి వెళ్లనివారో, మధ్యలో మానినవారో అని 2006లో సచార్ కమిటీ తేల్చింది. మదర్సాలకు వెళ్లేవారు బడి ఈడు పిల్లల్లో నూటికి మూడు నలుగురేనని కూడా అదే కమిటీ తెలిపింది. కాబట్టి లోపం మదర్సాది అనడం తొందరపాటు. బడి దూరాన్నీ, ఇంటి పేదరికాన్నీ ముందుగా చూడాలి.

తాడేపల్లిగూడెం వ్యాపార పట్టణం. ఉల్లి, బెల్లం మార్కెట్లకు పేరు పొందింది. ఉన్నత విద్య అక్కడికి ఆలస్యంగా, కాని పెద్ద ఎత్తున వచ్చింది. 2007లో సమీపంలోని వెంకట్రామన్నగూడెం కేంద్రంగా ఉద్యాన విశ్వవిద్యాలయం, 2015లో పట్టణంలో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ ఏర్పడ్డాయి. ఇక్కడ ఒక పొరపాటు జరిగే అవకాశముంది. సంస్థ ఊళ్లో ఉండటం వేరు, ఊరి పిల్లలు అందులో ఉండటం వేరు. జాతీయ సంస్థలో ప్రవేశం అఖిల భారత పరీక్ష ద్వారా. సగం సీట్లు ఇతర రాష్ట్రాలవారివి. పునాది గట్టిగా లేని బడి పిల్లవాడికి ఆ గేటు ఇంటి పక్కనే ఉన్నా దూరమే.

కొల్లేరులో పరిస్థితి వేరు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీరు అక్కడ చేరి ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పోతుంది. వానాకాలంలో లంకలకు దారి నీరే. చిన్న బడి ఊళ్లో ఉన్నా, పెద్ద బడికి పడవో, గట్టు మీద నడకో తప్పదు. 1999లో సరస్సు అభయారణ్యమైంది. 2006లో దానిలోని చేపల చెరువులను ప్రభుత్వం కొట్టివేసింది. సరస్సును కాపాడటం అవసరమే. కాని జీవనోపాధి కదిలిన ఇంట్లో మొదట తెగేది పెద్దపిల్ల చదువు. విద్యాహక్కు చట్టం 2010 నుండి అమలులోకి వచ్చినా దాని హామీ పద్నాలుగేళ్లకే ముగుస్తుంది. అంటే లంక పిల్ల ఊరు దాటి ఉన్నత పాఠశాలకు వెళ్లవలసిన వేళకే చట్టం చేయి వదులుతుంది.

ఈ తేడా వల్ల నష్టం వెనుకబడినవారికి మాత్రమేనా? కాదు. అమెరికా నగరాలను పరిశీలించిన ఆర్థికవేత్త ఎన్రికో మొరెట్టి, పట్టభద్రులు ఎక్కువగా ఉన్న నగరాల్లో తక్కువ చదివినవారి కూలి కూడా ఎక్కువగా ఉంటుందని చూపాడు. పొరుగువాడి చదువు మన కూలిని కూడా నిర్ణయిస్తుందన్నమాట. ఇందువల్ల చదివినవారు చదివినవారున్నచోటికే చేరుతారు. లంకలో చదివిన ఒక్కడూ విజయవాడకో హైదరాబాదుకో వెళ్తాడు. ఊళ్లో తర్వాతివాడికి దారి చూపేవాడు ఉండడు. తేడా తనను తానే పెంచుకుంటుంది.

కనుక కొత్త కళాశాలల సంఖ్యతో తృప్తి పడరాదు. లంకలో ఎనిమిదో తరగతి ముగించిన ఆడపిల్లల్లో ఎందరు పదో తరగతి పరీక్ష రాశారు? ప్రతి గ్రామంలోనూ అడగవలసిన ప్రశ్న ఇదే. దానికి సమాధానం సంతృప్తికరంగా లేనిచోట వసతిగృహం, ప్రయాణ సౌకర్యం, ఊళ్లో నివసించే ఉపాధ్యాయుడు – ఈ మూడూ ముందు కావాలి. శ్రద్ధను గురించిన ఉపదేశం ఆ తర్వాత.