నేల విడిచే ఆ కొద్ది క్షణాలు

వరాహ నది ఒడ్డునున్న మన ఏటికొప్పాకలో విమానమంటే ఆకాశంలో పోయే చప్పుడే. పిల్లలు ఆట ఆపి తలలెత్తి చూస్తారు. అంత ఎత్తు నుండి పడితే ఏమగునోనని పెద్దలకు భయం. నిజానికి పైలట్లు ఒళ్లంతా కళ్లు చేసుకొనేది పైనున్నప్పుడు కాదు. నేల విడిచేటప్పుడు, మరల నేలను తాకేటప్పుడు.

2004 ఏప్రిల్ 17, శనివారం. బెంగుళూరు శివారులోని జక్కూరు విమాన మైదానం నుండి ఉదయం పదకొండు గంటల వేళ ఒక చిన్న సెస్నా 180 విమానం లేచినది. సినీనటి సౌందర్య, ఆమె సోదరుడు అమర్‌నాథ్, మరొక సహప్రయాణికుడు, పైలట్ అందులో ఉన్నారు. కరీంనగర్‌లో బీజేపీ తరఫున ఎన్నికల ప్రచారానికి ఆమె ప్రయాణం. లేచిన కొద్దిసేపటికే ఆ విమానం దగ్గరలోని వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆవరణలో కూలి కాలిపోయింది. నలుగురిలో ఒక్కరూ మిగల్లేదు. ఆమెకు పెండ్లయి ఏడాది కూడ నిండలేదు. సినిమాలు చూడని విశ్వాస గృహాలలో సైతం ఆ పేరు తెలుసు. ఆ వార్తకు కన్నీరు పెట్టని తల్లి లేదు.

ఇటువంటి మరణం వినగానే, అది వారి పాపఫలమని తీర్పు చెప్పేవారు మనలో కొందరుంటారు. సిలోయము గోపురం క్రిందపడి చనిపోయిన పదునెనిమిది మందిని గూర్చి ప్రభువు అడిగిన ప్రశ్న (లూకా 13:4) వారు మరల చదవాలి.

లేవడం ఎందుకు కష్టం? చెరకు బండి ఏటి గట్టు ఎక్కేటప్పుడు ఎద్దులు ఎంత లాగుతాయో మనకు తెలుసు. చిన్న విమానానిదీ అదే అవస్థ. తగిన వేగం వస్తేనే రెక్కలు బరువును మోస్తాయి. సెస్నా 180 ఒకే ఇంజను, నాలుగు సీట్ల విమానం. ఇంధనం, మనుషులు, సామాను కలిపి అది మోయదగినది సుమారు 500 కిలోలే. చక్కని తారు దారి కాక పచ్చిక, బురద, గతుకుల నేల అయితే చక్రాలను నేల పట్టుకొంటుంది, వేగం రాదు. ఎండలో గాలి పలుచనై రెక్కలకు బలం తగ్గుతుంది. ఎదుట చెట్లు కనబడగానే కంగారుపడి ముక్కు మరీ పైకెత్తితే రెక్క పట్టు తప్పుతుంది. వేయి అడుగుల ఎత్తునైతే సరిదిద్దుకోవచ్చు, నూరు అడుగుల ఎత్తున సమయమెక్కడిది? అందుకే, లేచిన వెంటనే ఇంజను ఆగితే వెనుకకు తిరగక ఎదుట ఉన్న చోటనే దింపుమని శిక్షణలో నేర్పుతారు.

అడవి మైదానాలలో ఈ ఆపద ఇంకా ఎక్కువ. వైక్లిఫ్ బైబిలు అనువాదకుల సంస్థ స్థాపకుడు కామెరాన్ టౌన్సెండ్ 1947 ఫిబ్రవరిలో మెక్సికో దేశపు చియాపాస్ అడవిలోని శిబిరం నుండి చిన్న పైపర్ విమానంలో బయలుదేరాడు. ప్రక్కన భార్య ఎలైన్, కొన్ని వారాల పసిబిడ్డ గ్రేస్. విమానం లేచింది గాని ఎత్తు చాలక కూలిపోయింది. ఆయన కాలు విరిగింది, ఎలైన్ పాదం తీవ్రంగా గాయపడింది. బిడ్డకు మాత్రం దెబ్బ తగలలేదు. ఆ నొప్పిలోనే ఆయన కెమెరా తెప్పించి, శిథిలాలను తీయించాడు. అడవిలో పనిచేసేవారికి మంచి విమానాలు, తర్ఫీదైన పైలట్లు ఎంత అవసరమో స్వదేశంలోని సంఘాలు కళ్లారా చూడాలని ఆయన తలంపు. గాయపడినవాడు అంత దూరం ఆలోచించడం నాకు ఆశ్చర్యమే.

మరుసటి యేడు, 1948లో, జార్స్ అనే అడవి విమాన, రేడియో సేవ మొదలయింది. తరువాత కొద్దిపాటి నేలలోనే లేవగల హీలియో కొరియర్ విమానాలు తెచ్చారు. మిషను విమానాలలో పైలట్ బరువుల లెక్క చూడనిదే ఇంజను తిప్పడు. సామానునే కాదు, ప్రయాణికులను కూడ చెరకు కాటాపై నిలబెట్టినట్లు నిలబెట్టి తూస్తారు. పాస్టరుగారైనా మినహాయింపు లేదు.